గేటింటి వెనకవైపు

కొత్తదాన్ని పాతదిగా చేయడం కూడా ఒక పనేనా అని ఎవరైనా ఎగతాళి చేస్తే ఆయన నొచ్చుకోడు. పాతదాన్ని కొత్తగా చేయడం కన్నా ఇదే కష్టమంటాడు. రెండూ చేసినవాడు కాబట్టి ఆ మాట ఆయన నోట చెల్లుతుంది. ముప్పై ఏళ్ళు కార్ల షెడ్డులో రంగులు కొట్టాడు. సొట్టలు తీసి, తుప్పు గీకి, గరుకు కాగితంతో రుద్ది, పొర మీద పొర రంగు వేసి, వంగి చూస్తే మొహం కనిపించేలా తయారుచేసి పంపేవాడు. ఆయన చేతిలోంచి వెళ్ళిన కారు మీద ఈగ వాలినా జారిపోతుందని షెడ్డు యజమాని గొప్పలు చెప్పుకునేవాడు. ఆ రంగు పొగ పీల్చీ పీల్చీ చివరికి ఊపిరితిత్తులు మొరాయించాయి. ఇంకోసారి స్ప్రే గన్ ముట్టుకుంటే నా గడప తొక్కొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. యాభయ్యో ఏట షెడ్డు వదిలేసి, పొద్దున పూట ఒక విడిభాగాల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం నుంచి తుప్పు తయారుచేస్తాడు.

తుప్పేమిటి, తయారుచేయడమేమిటి అనుకుంటున్నారు కదా. మూతపడ్డ ఒక అచ్చాఫీసు మేడ మీద పొడుగాటి హాలుంది. అందులో గోడకు రెండడుగుల ఎడంగా, ఛాతీ ఎత్తున, ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక బల్ల. దాని మీద అసలు రైలులో ఎనభై ఏడో వంతుండే బొమ్మ రైళ్ళు నడుస్తాయి. ఆ లెక్కన మనిషి రెండు సెంటీమీటర్లుంటాడు, ఇల్లు గుప్పిట్లో పడుతుంది. ఇదంతా ఒక సంఘం వాళ్ళది. ఆరుగురున్నారు. రైళ్ళు కొనడం, మురిసిపోతూ నడపడం ఆరుగురికీ ఇష్టమే. పట్టాల పక్కనుండే లోకం మాత్రం ఎవరికీ పట్టదు. పొలాలు, కంచెలు, కాలవ గట్లు, గడ్డివాములు, కూలిపోయిన పశువుల కొట్టాలు, ఇవన్నీ ఈయన నెత్తిన పడ్డాయి. పడ్డాయంటే ఎవరో రుద్దారని కాదు, తనే ఎత్తుకున్నాడు. బజార్లో పెట్టెల్లో దొరికే ప్లాస్టిక్ ఇళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మండుతుంది. అట్టలూ అగ్గిపుల్లలూ జిగురూ తెచ్చుకుని మొదటి గోడ దగ్గర్నుంచీ తన చేత్తో కట్టుకోవాల్సిందే.

కట్టడం సగం పనే. కట్టినదానికి ఎండా వానా తగిలించడం మిగతా సగం. మాత్రల అట్టల వెనకుండే రేకును దువ్వెన పళ్ళ మీద పెట్టి అదిమితే ఇంటి కప్పు రేకవుతుంది. దానికి ముందు ఇటుక రంగు వేస్తాడు. అది తడిగా ఉండగానే నాలుగు ఉప్పు రవ్వలు చల్లి, ఆరాక పైన బూడిద రంగు కొడతాడు. చివర్లో వేలితో రుద్దితే ఉప్పు రాలిపోయి, రాలినచోట అచ్చం రంగు పెచ్చులూడి తుప్పు బయటపడ్డట్టే ఉంటుంది. ఎంత చోద్యమో చూడండి. కారు రంగు మీద ఉప్పు నీటి చుక్క పడకుండా ముప్పై ఏళ్ళు కాపలా కాసిన మనిషి, ఇప్పుడు ఉప్పు పొట్లం జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. అందుకే సంఘంలో ఆయన పేరు తుప్పు మేస్త్రి. అలా పిలిస్తే పలుకుతాడు. అసలు పేరుతో పిలిచేవాళ్ళెవరూ దగ్గర్లో మిగల్లేదు మరి.

ఒక్కడే ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతాడు. అద్దె గదిలో కిటికీ దగ్గర బల్ల, దాని మీద చిన్న చిన్న సీసాల్లో జల్లించిన మట్టి, రంపం పొట్టు, సుద్ద పొడి. తలుపు తీయగానే నిశ్శబ్దం మీద పడకుండా ఉండాలని బయటికి వెళ్ళేటప్పుడు రేడియో ఆపడు. దుకాణంలో రోజంతా మాట్లాడిన మాటలు గుర్తుచేసుకుంటే, బిల్లు కావాలా అన్నదే అన్నిటికన్నా ఎక్కువసార్లుంటుంది. ఒంటరితనమంటే ఏదో పెద్ద శోకమని మనమనుకుంటాం. ఆయనకది రేడియో బ్యాటరీలు అయిపోయిన రోజున మాత్రమే తెలిసొచ్చేది.

ఇలా సాగుతుండగా ఒకరోజు సంఘం పెద్ద, పళ్ళ డాక్టరు, బల్ల మూలనున్న ఖాళీ చూపించి, ఇక్కడ రోడ్డు పట్టాలను దాటుతుంది కదా, ఒక గేటూ, గేటు మనిషి ఉండే ఇల్లూ పెట్టు మేస్త్రీ అన్నాడు. మామూలుగా ఏ పని చెప్పినా కొలతలడిగే మనిషి ఈసారి ఏమీ అడగలేదు. తలూపి ఇంటికొచ్చేశాడు.

ఎందుకంటే ఆయన పుట్టింది గేటింట్లోనే. తండ్రి రైలు గేటు మనిషి. తల్లి ఈయనకు ఊహ తెలియకముందే పోయింది. తొమ్మిదో ఏట తండ్రీ పోతే, పందొమ్మిదేళ్ళ అక్కకు గేటు పని ఇచ్చారు. బండి వచ్చే ముందు గేటు వేయడం, పచ్చజెండా పట్టుకుని నిలబడటం, బండి వెళ్ళాక గేటు తీయడం. ఆ పని చేసుకుంటూనే తమ్ముణ్ణి కంటికి రెప్పలా పెంచింది. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. ముందువైపు పట్టాలు, పక్కన రోడ్డు, వెనక పొలాలు. వాళ్ళ బతుకంతా ఇంటి వెనకే. పొయ్యి అక్కడే, బట్టల దండెం అక్కడే, చదువుకునే బండరాయి అక్కడే.

స్నానానికి మాత్రం చాటు లేదు. చిన్నప్పుడెలాగో గడిచిపోయింది గానీ, ఆడమనిషికి ఎన్నాళ్ళని. అక్క నాలుగు రాళ్ళు కూడబెట్టి ఇటుకలూ ఒక బస్తా సిమెంటూ తెప్పించింది. కట్టేది తమ్ముడే. అప్పుడు వాడికి పదిహేడేళ్ళు, చేతి పనంటే ప్రాణం. భుజాల ఎత్తున మూడు గోడలు కట్టాడు. నాలుగోది, రోడ్డు వైపుది, మర్నాడు కడదామనుకుని సిమెంటు బస్తా మూతి కట్టకుండా వదిలేసి, ఎటో తిరగడానికి వెళ్ళాడు. ఆ పూటే వాన కురిసింది. వచ్చేసరికి బస్తా బండరాయి అయి కూర్చుంది.

అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమెను చేసుకుంటానని అంతకు ముందే ఒక బడి పంతులు అడిగి వెళ్ళాడు. తమ్ముణ్ణి వదిలి ఎలా వస్తానని ఆమె కాదంది. అప్పటిదాకా ఆ సంగతి నోరు జారనిదల్లా ఆ వేళ అనేసింది. "నీ మూలంగానే నేనిక్కడ పడి ఉన్నాను. నువ్వు లేకపోతే నా దారి నేను చూసుకునేదాన్ని." అంతే. కోపంలో అన్న మాట, పొద్దుటికి తనే మర్చిపోయి ఉండేది. కానీ పొద్దుటికి తమ్ముడు లేడు. తను పోతే అక్క పెళ్ళి చేసుకుంటుందనుకున్నాడు. పదిహేడేళ్ళవాడి తెలివి అలాగే ఉంటుంది. అక్కడికేదో గొప్ప త్యాగం చేసినట్టు, ఒక్క కాగితం ముక్కయినా రాయలేదు.

తర్వాత సిగ్గు పట్టుకుంది. ఏడాది గడిచాక ఉత్తరం రాయడం కష్టమైంది, అయిదేళ్ళు గడిచాక అసాధ్యమైంది. షెడ్డు యజమాని రంగులు కొనుక్కురమ్మని నెలకోసారి ఈయన్ని నగరానికి పంపేవాడు. ఆ రైలు అక్క గేటు మీదుగానే పోతుంది. వెళ్ళేటప్పుడు ఎడం వైపు కిటికీ, వచ్చేటప్పుడు కుడి వైపు కిటికీ. ఇల్లు కనబడేది మహా అయితే నాలుగు సెకన్లు. జెండా పట్టుకుని అక్క నిలబడి ఉండేది. ఆమె మొహం తన పెట్టె వైపు తిరిగే సరికి ఈయన తల లోపలికి లాగేసుకునేవాడు. ఇరవై ఆరేళ్ళు ఇదే వరస. బండి అక్కడ ఆగదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు. ఆగే స్టేషను నాలుగు మైళ్ళ దూరంలో ఉంది. అయ్యా, నాలుగు మైళ్ళు. నడవలేక ఆగిపోయాడని ఎవరైనా నమ్ముతారా?

గేటు ఎత్తేసి రోడ్డును పట్టాల కిందనుంచి తవ్వాక, ఉద్యోగం అయిపోయిన అక్క పినతల్లి కూతురి ఊళ్ళో చిన్న గది తీసుకుని ఉంటోందని మూడేళ్ళ కిందట తెలిసింది. ఫోను నంబరూ దొరికింది. పెళ్ళి చేసుకోలేదని కూడా తెలిసింది. ఏడాదికి రెండుసార్లు మాట్లాడుకుంటారు. ఒంట్లో బాగుందా అంటే బాగుంది అనుకుంటారు, ఎండలు ఎక్కువగా ఉన్నాయనుకుంటారు, పెట్టేస్తారు. ఆమె రమ్మనలేదు, ఈయన వస్తాననలేదు. చెప్పకుండా పోయినందుకు ఆమె ఇంకా కోపంగా ఉందో లేదో ఈయనకు తెలియదు. అడగడానికి నోరు రాదు.

అలాంటివాడికి పళ్ళ డాక్టరు వెళ్ళి గేటిల్లు కట్టమన్నాడు.

ఎనిమిది నెలలు పట్టింది. చెప్పుల పెట్టె అట్టతో గోడలు కోశాడు. డాక్టరు పారేసిన పళ్ళు గీకే పుల్లతో అట్ట మీద గచ్చు పెచ్చులు లేపాడు. కిటికీలో ఒక అద్దం పగిలితే అక్క అట్టముక్క పెట్టిన సంగతి రైల్లోంచి చూసి ఉన్నాడు, అదీ పెట్టాడు. చూరు కింద నీళ్ళ గొట్టం కారి గోడ మీద పడ్డ ఎర్రటి చార కోసం పదకొండుసార్లు రంగు కలిపాడు. ఆ చార పైన సన్నంగా మొదలై, సగం దూరం దిగాక కుడికి తిరిగి, నేల దగ్గర వెడల్పవుతుంది. కళ్ళు మూసుకున్నా చెప్పగలడు. వాకిట్లో రెండు సెంటీమీటర్ల అక్కను, నీలం చొక్కాతో, పచ్చజెండాతో నిలబెట్టాడు. మొహం మాత్రం గీయలేదు. ఆ కొలతలో మొహం గీయడం కుదరదన్నాడు గానీ, అంతకంటే చిన్న వాటికి కళ్ళు పెట్టిన మనిషి ఆయన.

దాన్ని చూసి ఆరుగురూ ముక్కు మీద వేలేసుకున్నారు. ఈయనకు ఆ మెప్పుతో పని లేదు. అక్క వచ్చి చూడాలి. చూసి, అవునురా, ఇది మనిల్లే అనాలి. ఆ ఒక్క మాటంటే చాలు, ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి మాట చెరిగిపోయినట్టేనని మనసులో ముడి వేసుకున్నాడు. సంఘం వాళ్ళు ఏటా ఒక శని, ఆదివారాలు హాలు తెరిచి జనాన్ని రానిస్తారు. అక్కకు ఫోను చేసి, ఒంట్లో బాగుందా అని అడిగాక, ఎండల సంగతి వచ్చేలోపే గబగబా చెప్పేశాడు. మన గేటిల్లు కట్టానక్కా, వచ్చి చూడు అన్నాడు. చూద్దాం అంది.

శనివారం రాలేదు. వచ్చిన ప్రతివాళ్ళకూ ఉప్పు సంగతి చెబుతూనే ఈయన మెట్ల వైపు చూశాడు. ఆదివారం మధ్యాహ్నమూ గడిచింది. ఇక రాదులే అని మనసు రాయి చేసుకుంటుండగా, మూడింటికి, చేతిసంచీతో అక్క మెట్లెక్కి వచ్చింది.

జుట్టు పూర్తిగా తెల్లబడింది. నడుం మాత్రం వంగలేదు. ఇద్దరూ ఎదురుపడి, ఏం చేయాలో తెలియక, బస్సులో సీటు దొరికిందా అని ఈయనా, దొరికిందని ఆవిడా అనుకున్నారు. ఈయన బల్ల మూలకు తీసుకెళ్ళాడు. సరిగ్గా అప్పుడే బొమ్మ రైలొకటి మలుపు తిరిగి వచ్చింది. అక్క చటుక్కున పట్టాల వైపు తిరిగి, చేతులు పక్కలకు దించి, నిటారుగా నిలబడింది. చివరి పెట్టె దాటేదాకా కదల్లేదు. దాటాక చేతి గడియారం చూసుకుంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఈయన నవ్వలేదు.

అప్పుడు ఆమె కళ్ళజోడు సవరించుకుని ఇంటిని చూసింది. వంగి చూసింది, పక్కకు జరిగి చూసింది. అట్టముక్క పెట్టిన కిటికీని చూసి పెదవి కదిపింది. ఈయన ఆ ఒక్క మాట కోసం నిలబడ్డాడు. ఆమె వేలు చూరు కిందికి వెళ్ళి, ఎర్ర చార పక్కన ఆగింది.

"ఈ గొట్టం పెట్టింది నువ్వు పోయిన పదేళ్ళకురా. ఈ మరక నువ్వెప్పుడు చూశావు?"

ఎనిమిది నెలలు ఆ చార మీద పడ్డ కష్టమంతా ఎదురు తిరిగి నిలదీసింది. తుప్పు పట్టించడంలో చేయి తిరిగినవాడే కానీ, తుప్పుకు తారీఖు ఉంటుందని తట్టలేదు.

"రైల్లోంచి" అన్నాడు.

"ఎన్నిసార్లు?"

నెలకోసారి అన్నాడు. ఎన్నేళ్ళన్నది ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు. ఆమె ఇంటిని వదిలేసి వాకిట్లో నిలబడ్డ రెండు సెంటీమీటర్ల మనిషిని చాలాసేపు చూసింది. ఆ తర్వాత, అటు వెళ్ళొచ్చా అని గోడకూ బల్లకూ మధ్యనున్న సందు చూపించింది. అది రైళ్ళు నడిపేవాళ్ళు నిలబడే చోటు. చూడ్డానికి వచ్చినవాళ్ళు అటు వెళ్ళరు. అందుకే ఈ పనివాళ్ళందరికీ ఒక అలవాటుంది. ఇళ్ళ ముందువైపుకే తలుపులూ రంగులూ మరకలూ. వెనకవైపు ఉత్త అట్ట వదిలేస్తారు. వెనక్కి రంగు దండగ అని పళ్ళ డాక్టరు రోజుకోసారి అంటాడు కూడా. ఈయన ఆపుదామనుకునే లోపే ఆమె సందులోకి వెళ్ళిపోయింది.

గేటింటి వెనక తలుపు లేదు, కిటికీ లేదు. జిగురు కారి గడ్డకట్టిన గోధుమ రంగు అట్ట. దాని మీద చెప్పుల కంపెనీవాళ్ళు అచ్చువేసిన పెద్ద అంకె.

"ఇదేంటి, తొమ్మిది?"

"చెప్పుల పెట్టెక్కా. సైజు."

ఆమెకు కోపం వస్తే బాగుండుననుకున్నాడు. రాలేదు. అట్ట మీద అరచేయి ఆనించి మెల్లగా అంది. "మనం బతికిందంతా ఇటువైపేగా."

నిజమే. ఇరవై ఆరేళ్ళు ముందువైపు చూసి చూసి, ఇల్లంటే అదేననుకున్నాడు. పొయ్యి, దండెం, తను చదువుకున్న బండరాయి, ఒక్కటీ తలపుకు రాలేదు. ఎనిమిది నెలల్లో ఒక్కనాడూ రాలేదు. సిగ్గుతో తల దించుకుని, ఏదో ఒకటి అనాలి కాబట్టి, స్నానాల గది నాలుగో గోడ తర్వాత మేస్త్రీతో కట్టించుకునే ఉంటావు కదా అన్నాడు. వారం లోపే కట్టించుకుని ఉంటుందని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. అనుకోవడం కూడా కాదు, దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు.

"కట్టించలేదు. గోనెపట్టా కట్టుకున్నాను."

"ఎన్నాళ్ళు?"

"గేటు ఎత్తేసేదాకా. ముప్పై ఒక్కేళ్ళు." ఎండల గురించి చెప్పినట్టే చెప్పింది. రోడ్డు వైపు కదా, గేటు వేస్తే బండ్లన్నీ అక్కడే ఆగుతాయి. అందుకని మొదటి రైలు రాకముందే, చీకటుండగానే స్నానం కానిచ్చేసేదట. చలి రోజుల్లో అయినా అంతేనట. మేస్త్రీని పిలిస్తే ఒక పూట పని కదక్కా అని ఈయన అన్నాడు.

"ఒక పూట పనే. మొదట్లో నువ్వొస్తావని ఆగాను. తర్వాత కోపంతో ఆగాను. ఆ తర్వాత అలవాటైపోయింది."

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాడు. సందులోకి రైలు నడిపేవాడొకడు వచ్చి, కొంచెం జరగండి అన్నాడు. జరిగారు. మళ్ళీ ఆ మాట నోటికి రాలేదు.

అయిదింటి బస్సుకు ఎక్కించాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేటప్పుడు తల లోపలికి తీసుకోలేదు. ఊపిరి జాగ్రత్త, మందులు మానకు అంది. మనిల్లే అన్న మాట మాత్రం అనలేదు. ఈయన బస్టాండులో ఆ బస్సు పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు. అక్కలా నిటారుగా నిలబడటం చేతకాలేదు. గదికొస్తే ఆ రోజు రేడియో కూడా మోగడం లేదు, బ్యాటరీలు అయిపోయాయి. కొత్తవి వేయలేదు.

మర్నాడు సంఘం హాలుకెళ్ళి గేటింటిని బల్ల మీంచి పెకలించాడు. వెనక అట్ట కోసి తలుపూ కిటికీ పెట్టాడు, పొయ్యి కట్టాడు, పొయ్యి పైన గోడకు మసి పట్టించాడు. మసికి ఆయన దగ్గర బ్రహ్మాండమైన విద్యలున్నాయి, కానీ ఎంతవరకు పాకిందో తెలియదు. అక్కకు ఫోను చేశాడు. ఒంట్లో బాగుందా అనకుండానే, మసి కిటికీ దాకా వచ్చేదా అని అడిగాడు. ఆమె కాస్త ఆలోచించి, కిటికీ కింద రెండు జానలకే ఆగిపోయేది అంది. తర్వాతి ఆదివారం దండెం ఎటు నుంచి ఎటు కట్టి ఉండేదో అడిగాడు. ఆ తర్వాతి ఆదివారం బండరాయి సంగతి. అడిగినదానికి ఆమె జవాబు చెప్పేది, పెట్టేసేది. ఒకసారి మాత్రం, దండెం మీద బట్టలేమైనా వేశావా అని తనే అడిగింది. ఏం వేయాలి అన్నాడు. ఒక మనిషివే వెయ్యి అంది. ఆ పూట ఆయన పని చేయలేకపోయాడు.

పళ్ళ డాక్టరుకు చిర్రెత్తుకొచ్చింది. వాగు మీద వంతెన పని సగంలో ఉంటే, ఎవరి కంటా పడని గోడకు ఇన్ని నెలలేమిటని గట్టిగానే అడిగాడు. ఎవరికీ ఎదురు చెప్పని తుప్పు మేస్త్రి, పుల్ల కింద పెట్టకుండానే జవాబిచ్చాడు. "డాక్టరుగారూ, మీరు పళ్ళ ముందువైపే చూసి పంపేస్తారా?" డాక్టరు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

చివరికి స్నానాల గది మిగిలింది. అట్టను బియ్యపుగింజలో సగమంత ముక్కలుగా కోసి, ఒక్కొక్కటే చిమటాతో పట్టుకుని మూడు గోడలు లేపాడు. పదిహేడేళ్ళప్పుడు వంకరగా కట్టిన వరస గుర్తుంది, అదీ వంకరగానే కట్టాడు. గాయాలకు కట్టుకట్టే పలచటి గుడ్డను టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టి గోనెపట్టా కత్తిరించాడు. అంతా అయ్యాక చేయి ఆగింది. ఇంకొక్క గోడ. అరగంట పని. ఇక్కడ సిమెంటు బస్తా లేదు, వాన లేదు. అట్ట ముక్కలు ఎదురుగా ఉన్నాయి. కట్టేయాలని ప్రాణం కొట్టుకుంది. ఎటూ తేల్చుకోలేక ఫోను చేశాడు.

"అక్కా, గోడకు తెచ్చిన ఇటుకలేమయ్యాయి?"

"అక్కడే ఉండేవి, పేర్చినవి పేర్చినట్టే. పైన నాచు పట్టింది."

"ఎన్నుంటాయి?"

"నూట ముప్పై రెండు" అంది, తడుముకోకుండా.

లెక్కపెట్టావా అన్నాడు. బండి లేటయినప్పుడల్లా లెక్కపెట్టేదాన్నిరా, గేటు వేసుకుని కూర్చున్నదాన్ని ఇంకేం చేస్తాను అంది. ఈసారి ఇద్దరూ ఫోను పెట్టలేదు. వెనక ఆమె గదిలో గడియారం కొట్టుకోవడం ఈయనకు వినిపిస్తోంది.

"ఇప్పుడు కట్టేశావా ఆ గోడ?" అని అడిగింది చివరికి.

"లేదక్కా. నేను కట్టలేదు కదా."

"అయితే పట్టా కింది అంచు మీద రాయి పెట్టు. లేకపోతే గాలికి పక్కకు పోతుంది. చీకట్లో తడుముకుంటే చేతికి అందేటంత దగ్గరగా ఉండాలి."

ఆ వారమంతా నూట ముప్పై రెండు ఇటుకలు కోశాడు. ఒకటి తక్కువ కాలేదు, ఒకటి ఎక్కువ కాలేదు. ఇంటి వెనక పేర్చి, పై వరసకు ఆకుపచ్చ పొడితో నాచు పట్టించాడు. గోనెపట్టా వేలాడదీసి, ఇసుకలోంచి ఏరి తెచ్చిన ఒక రవ్వను చిమటాతో దాని అంచు మీద పెట్టాడు. అది జారిపోయింది. మళ్ళీ పెట్టాడు. ఇంటిని బల్ల మీద దాని చోట అతికించి, సందులోంచి బయటికొచ్చి, అందరూ నిలబడే చోట నిలబడి చూశాడు. కిటికీలో అట్టముక్క, గోడ మీద ఎర్ర చార, వాకిట్లో జెండాతో అక్క. వెనకున్నదేదీ అక్కణ్ణుంచి కనబడలేదు.

ఆయన మళ్ళీ సందులోకే వెళ్ళి కూర్చున్నాడు. పై ఆదివారం అడగడానికి ఇంకేమీ మిగల్లేదని అప్పుడు తట్టింది. ఏమీ అడగడానికి లేకుండా ఫోను చేయడమెలాగో ఆయనకు తెలియదు. అయినా చేస్తాను అనుకున్నాడు.